కిటికీ లెక్క

ఇసుక వేస్తే రాలనంత జనం అని ఎన్నిసార్లు రాసి ఉంటానో, ఒక్కసారైనా ఇసుక వేసి చూసిన పాపాన పోలేదు, ఇప్పుడు ఈ ఐదంతస్తుల మేడ మీద, నీళ్ళ ట్యాంకు పక్కన, కాలుతున్న పిట్టగోడకు మోచేతులు ఆనించి నిలబడ్డాక మాత్రం గుప్పెడు ఇసుక దొరికితే బాగుండుననిపిస్తోంది, ఎన్ని రేణువులు తలల మీద పడతాయో, ఎన్ని తారు రోడ్డు మీద పడతాయో తేలిపోయేది. కింద రోడ్డు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తలలే. పిల్లల ఆసుపత్రి మూసెయ్యొద్దని వచ్చిన తలలు. ఐదింటికల్లా ఇవి ఎన్నో నేను చెప్పాలి, ఇంకా గంట కూడా లేదు. నేను! ఏడో ఎక్కం దగ్గర బండి ఆగిపోయినదాన్ని, లెక్కలంటే ఆమడదూరం పరిగెత్తి వచ్చి ఈ రాతల ఉద్యోగంలో పడ్డదాన్ని. మైకులో ఎవరో లక్ష అంటున్నారు, లక్షమంది తరలివచ్చారు అంటున్నారు, ఆ మాట వినపడగానే జనం హోరెత్తిపోతున్నారు, నేను మాత్రం వేదిక వైపు చూడలేకపోతున్నాను. ఎందుకంటే ఆ లక్షను ముందు అన్నవాడు మా అన్నయ్యే.

అన్నయ్య ఆ ఆసుపత్రిలో నర్సు. ఇరవై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ పిల్లలందరికీ సూదులు గుచ్చి, మాస్కులు పెట్టి, ఏడిస్తే కోడికూత కూసి నవ్వించేవాడు, ఇప్పుడు వేదిక మీద గొంతు బొంగురు పోయేలా అరుస్తున్నాడు. రేపు పొద్దున కమిటీ కూర్చుంటుంది, ఆసుపత్రి ఉంచాలో మూసెయ్యాలో తేలుస్తుంది. మధ్యాహ్నమే కమిటీ అధికారి చెప్పేశాడు, వచ్చింది గుప్పెడుమంది, మహా అయితే మూడు వేలు, ఊరికి అక్కర్లేని ఆసుపత్రి కోసం ఎవరొస్తారు అని. ఇది పోతే పిల్లల ఆసుపత్రి మళ్ళీ రెండు గంటల దారిలో ఉంది. అన్నయ్య కూతురికి, ఎనిమిదేళ్ళ పిల్లకి, ఉబ్బసం. పోయిన వానల్లో ఊపిరందక పెదాలు నీలంగా అయిపోతే భుజానేసుకుని పరిగెత్తాడు, వేలమంది పిల్లలకి మాస్కు పెట్టిన చేతులు సొంత పిల్లకి పెట్టలేక వణికాయి, ఇంకో నర్సు లాక్కుని పెట్టింది. రెండు గంటల ఊపిరి ఆ పిల్ల దగ్గర లేదు. అది నాకు తెలుసు, వదినకు తెలుసు, అన్నయ్యకు అందరికంటే తెలుసు. అందుకే పొద్దున వాళ్ళింటికి వెళ్ళినప్పుడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ, నా వైపు చూడకుండా, "లక్ష అని రాస్తావుగా చెల్లీ?" అన్నాడు. "వచ్చినంతమందిని రాస్తానన్నయ్యా" అన్నాను. గుండీ దగ్గర వేళ్ళు ఆగిపోయాయి. వదిన మధ్యలో దూరి, "ముందు మంచినీళ్ళు తాగి వెళ్ళండి ఇద్దరూ, రోడ్డు మీద పడిపోతే మిమ్మల్ని లెక్కపెట్టడానికి నేను రావాలి" అంది. మేనకోడలు ఒక్కతే నవ్వింది. ఎర్రటోపీ పెట్టుకుని రెడీ అయిపోయింది, "అత్తా, నువ్వు మేడ మీద ఉంటావుగా, నేను చెయ్యి ఊపుతా" అంది. వచ్చినప్పటినుంచీ ఆ ఎర్రటోపీ కోసం చూస్తూనే ఉన్నాను. మందులషాపు ముందు నీడలో నిలబడతాం అని వదిన చెప్పింది, మందులషాపు కనిపిస్తోంది, దాని పచ్చబోర్డు కనిపిస్తోంది, వదిన నీలంచీర కూడా అదే అనుకుంటాను, టోపీ మాత్రం లేదు.

జేబులో ఫోను వణికింది. సగంగారు. ఆయన మా న్యూస్ ఎడిటర్, ఆ పేరు మేం వెనకాల పెట్టుకున్నది, ఆయనకూ తెలుసు, పట్టించుకోడు. "ఏమ్మా, ఎంతమంది?" అన్నాడు. ఇంకా లెక్కపెడుతున్నానండీ అన్నాను. "లెక్కపెట్టడమేంటి తల్లీ, విస్తళ్ళు వెయ్యాలా ఏంటి? వాళ్ళు లక్షంటున్నారు, వీళ్ళు మూడు వేలంటున్నారు. కలిపి సగం చెయ్యి. యాభై వేలు. ఎవరూ నొచ్చుకోరు." అదీ మా ఆఫీసు గణితం. ఏ ఊరేగింపైనా, ఏ సభైనా, ఏ నష్టమైనా రెండు కాకిలెక్కలు తెచ్చి, కలిపి, సగం చేసి, మొదటి పేజీలో పెడతాం, అబద్ధానికీ అబద్ధానికీ నడుమ నిజం నిలబడి ఉంటుందన్నట్టు. పది శాతం పెరిగి మళ్ళీ పది శాతం తగ్గితే యథాస్థితి అని రాసిన ఘనులం మేం. కోటికి ఎన్ని సున్నాలో డెస్కు అంతా కలిసి వేళ్ళు మడిచిన సందర్భాలున్నాయి. ఎవరైనా నిలదీస్తే, లెక్కలొస్తే ఇక్కడెందుకుంటాం సార్ అని పకపకా నవ్వడం ఒకటి, అదేదో పతకం వచ్చినట్టు. ఫోటోగ్రాఫరు ఇంకా గడుసు. "కింద నుంచి తీస్తే లక్షమంది, పై నుంచి తీస్తే వెయ్యి మంది, ఏది కావాలో చెప్పు, అదే తీసుకొస్తా" అంటాడు. అలా పై నుంచి తీసిన ఒక ఫోటోయే కదా పోయినేడు నీళ్ళ కోసం ఊరేగింపు తీసినవాళ్ళ కొంప ముంచింది, లక్ష అని చాటించుకున్నారు, మర్నాడు అవతలివాళ్ళు ఆ ఫోటో చూపించి రోడ్డు మీది ఖాళీల చుట్టూ గీతలు గీసి చూపించారు, ఊరంతా నవ్వింది, ఆ తర్వాత వాళ్ళ వీధిలో నీళ్ళు రావట్లేదన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. వచ్చినవాళ్ళు తక్కువేం కాదు, నేను కళ్ళారా చూశాను, కానీ లక్ష పక్కన నిలబెట్టేసరికి పాపం పిడికెడైపోయారు. రేపు అన్నయ్యకూ అదే గతి పడుతుందేమోనని నాకు భయంగా ఉంది.

సరే, లెక్క. ఎక్కడ మొదలుపెట్టను? తల పక్కన తల, తల వెనక తల, కళ్ళు పెట్టిన చోట నిలవడం లేదు, నలభై దాకా వచ్చేసరికి నలభయ్యోవాడు పక్కకు జరుగుతాడు. నా వెనక మెట్ల గది కిటికీకి ఇనుపచువ్వలు, గళ్ళు గళ్ళుగా. దాన్ని చూడగానే మా పాత ఇంటి నడవా, ఆ సాయంత్రం ఎండ, నేలమీద పడ్డ కిటికీ నీడ, ఏడెనిమిదులు ఎంత అంటే ఏడుపొచ్చేసిన నేను, నా జడ పట్టుకుని కూర్చోబెట్టిన అన్నయ్య. "ఎక్కం మర్చిపో. కిటికీ చూడు. అడ్డంగా ఏడు గళ్ళు, ఇలాంటి వరసలు ఎనిమిది. అన్నీ లెక్కపెట్టక్కర్లేదే మొద్దూ, ఒక్క వరస లెక్కపెట్టి, వరసలెన్నో చూడు." నాకు ఏదో తలుపు తెరుచుకున్నట్టయింది, గబగబా యాభై ఆరు అని అరిచాను, అన్నయ్య తల అడ్డంగా ఊపాడు. "యాభై ఐదు. మూడో వరసలో చువ్వ ఊడిపోయింది, రెండు గళ్ళు కలిసి ఒకటైపోయాయి చూడు. వరసలన్నీ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకున్నాకే గుణించాలి." అని నెత్తిన మొట్టాడు. ఆ మొట్టికాయ ఇప్పటికీ ఉంది, ఇక్కడ, పాపిడి పక్కన, తడుముకుంటే తగిలేలా ఉంటుంది.

కిటికీ, ఔను, ఈ రోడ్డూ కిటికీయే! ఇంతసేపూ ఎలా చూడలేదు! రెండువైపులా దీపస్తంభాలు, ఎదురెదురుగా, సమానదూరంలో. ఒక జతకూ ఇంకో జతకూ మధ్య ఒక గడి. వేదిక నుంచి జనం ఆగిపోయిన చోటిదాకా ఇరవై నాలుగు గళ్ళు. గడిలో మళ్ళీ రోడ్డు మీద తెల్లగీతలు, నాలుగు పట్టీలు. మందులషాపు ముందున్న గడి తీసుకున్నాను, ఒక్క పట్టీ, ఫోను కెమెరా దగ్గరకు లాగి, వేలితో పదులు మడుస్తూ, ఊపిరి బిగబట్టి. గొడుగు వేసుకున్న ముసలాయన. తడిగుడ్డ నెత్తిన వేసుకున్న ఇద్దరాడవాళ్ళు. ఆసుపత్రి వంటమనిషి, ఆవిడ నాకు తెలుసు, ఇంకా ఏప్రనుతోనే వచ్చేసింది. భుజాల మీద పిల్లాణ్ణి కూర్చోబెట్టుకున్న ఒకడు, ఇద్దరని లెక్క. వంద. అమ్మో, వంద అంటే ఇంతమందా! వార్తలో వంద అంటే ఏముంది, రెండక్షరాలు, కంటికి ఆనదు. ఇక్కడ వందమందికి వంద ముఖాలున్నాయి, వంద రకాలుగా చెమటలు తుడుచుకుంటున్నారు. నూట యాభై. రెండు వందలు. పట్టీ అయిపోయేసరికి రెండు వందల యాభై, నా మెడ పట్టేసింది, నోరెండిపోయింది. నాలుగు పట్టీలు, వెయ్యి. ఒక్క గడిలో వెయ్యిమంది. ఇన్నేళ్ళలో వెయ్యి అని కొన్ని వేలసార్లు రాసి ఉంటాను, వెయ్యిని చూడటం మాత్రం ఇదే మొదలు. పిట్టగోడ మీద దుమ్ములో వేలితో రాశాను, వెయ్యి ఇంటూ ఇరవై నాలుగు, ఇరవై నాలుగు వేలు.

ఇరవై నాలుగు వేలు! మూడు వేలన్న పెద్దమనిషి ముఖం ఎక్కడ పెట్టుకుంటాడో చూడాలి. లక్ష కాదు, కాకపోతేనేం, దగ్గరికొచ్చి నిలబడగలిగే అంకె, అన్నయ్య కళ్ళలోకి చూస్తూ చెప్పగలిగే అంకె. సగంగారికి ఫోను చెయ్యబోయాను. నొక్కాను కూడా. అప్పుడు నీడ జరిగింది. ఎత్తుమేడల నీడ కొస తొమ్మిదో గడి దాటి పదో గడిలోకి జానెడు పాకింది, దానితోపాటు అంచున ఉన్న జనమూ జరిగారు, ఎవరూ చెప్పకుండా, ఎవరి కాళ్ళ వైపు వాళ్ళు చూసుకోకుండా, నీడ అంచు పట్టుకుని అలా వెళ్ళారు. ఫోను కట్ చేసేశాను. ఛీ, మొద్దూ! నీడలో లెక్కపెట్టి ఎండకు గుణించావు కదే! నీడున్న గళ్ళు తొమ్మిది, వాటిలో జనం ఒకరినొకరు ఒరుసుకుని నిలబడ్డారు. ఎండ గళ్ళు పదిహేను, అక్కడ మనిషికీ మనిషికీ మధ్య ఇంకో మనిషి పట్టేంత సందు. ఊడిన చువ్వ. దుమ్ములో అంకెను చూస్తూ నిలబడ్డాను. ఎవరికి తెలుస్తుంది? పై నుంచి నేనే కదా చూస్తున్నది? అన్నయ్యకు ఆరు వేలో తొమ్మిది వేలో ఎక్కువ ఇస్తే ఏ ఆకాశం విరిగిపడుతుంది? నా మేనకోడలి ఊపిరి కదా అవతల ఉన్నది. చెయ్యి అలాగే ఉండిపోయింది, పాపిడి పక్కన మొట్టికాయ మాత్రం చురుక్కుమంది, తర్వాత అరచేత్తో దుమ్మంతా తుడిచేసి ఎండ గడిలో పట్టీ మొదలుపెట్టాను.

ఎండ పట్టీ మెల్లగా సాగింది, వీళ్ళు కదలరు. నీడ వైపు జరగొచ్చు, జరగరు, జరిగితే వెనక రోడ్డు ఖాళీగా కనబడుతుందని ఎవరో చెప్పి ఉంటారు, లేదా ఎవరూ చెప్పి ఉండరు. బస్సు డ్రైవర్లు, యూనిఫారాలతోనే. చేతికర్ర పట్టుకున్న అవ్వ, నెత్తిన అట్టముక్క. ఏ పిల్లాడు బతికాడని వచ్చిందో, ఏ పిల్లాడు బతకలేదని వచ్చిందో. పట్టీకి వంద, గడికి నాలుగు వందలు. తొమ్మిది వేలు నీడలో, ఆరు వేలు ఎండలో. పదిహేను వేలు. ఆ ఆరు వేల దగ్గర ఆగాను, ఎండ గడిలో నిలబడ్డ ఒక్కొక్కరినీ రెండేసి లెక్కపెట్టాలనిపించింది, కానీ లెక్కకు ఆ దయ లేదు, ఉండకూడదు, ముసలమ్మ ఒకటి, కండలవాడూ ఒకటి. ఎంత గొప్ప మర్యాద అది, ఎవరినీ తగ్గించకుండా, ఎవరినీ పెంచకుండా! పదిహేను వేలు అని దుమ్ములో మళ్ళీ రాశాను. అన్నయ్యకు ఎలా చెప్పను?

అప్పుడు మైకులో అన్నయ్య గొంతు. బొంగురుగా, అలిసిపోయి. "అందరం ఐదు నిమిషాలు కూర్చుందాం. మాటల్లేకుండా. ఎక్కడివాళ్ళక్కడే." వేదిక దగ్గర మొదలైంది, మొదటి గడి కూర్చుంది, రెండో గడి కూర్చుంది, గడి తర్వాత గడి, దుప్పటి పరిచినట్టు, ఈ చివరి నుంచి ఆ చివరికి, ఎండలోకి, కాలే తారు మీద, చేతికర్ర అవ్వ కూడా ఎవరి చెయ్యో పట్టుకుని. చప్పుడు పైకొచ్చింది, వేల బట్టలు ఒక్కసారి నేలకు తగిలిన చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు. అంత పెద్ద నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. అందరూ కూర్చున్నారు, ఇంకా ఎవరో నిలబడి ఉన్నారేంటి, అక్కడొకరు, ఇక్కడొకరు, పదిమంది, వందమంది, అయ్యో, దేవుడా, పిల్లలు! పెద్దవాళ్ళ నడుముల మధ్య, చీరకొంగుల చాటున, గొడుగుల కింద ఇంతసేపూ మునిగిపోయి ఉన్న పిల్లలు. గంటసేపు పెద్దవాళ్ళ వీపులు తప్ప ఏమీ చూడలేదు వాళ్ళు, ఇప్పుడు అడ్డం తొలగింది, చూడటానికి నిలబడ్డారు, కొందరు మునివేళ్ళ మీద లేచి మరీ. రోడ్డంతా పిల్లలే మొలిచారు. మందులషాపు ముందు ఎర్రటోపీ. నేను ఒక్కొక్క తలా లెక్కపెట్టిన పట్టీలోనే, అదే పట్టీలో, రెండు వందల యాభైలో లేని పిల్ల. నా మేనకోడలినే వదిలేశాను. ఎవరి కోసం ఆసుపత్రి కావాలో వాళ్ళనే వదిలేసి పదిహేను వేలు అని రాసుకుని కూర్చున్నాను. ఒంటరిగా మేడ మీద నిలబడి రెండు చేతులూ జోడించాను, ఎవరికో తెలియదు.

ఐదు నిమిషాలే ఉన్నాయి. నీడ పట్టీలో నిలబడ్డవాళ్ళను మాత్రమే లెక్కపెట్టాను, భుజాల మీదివాళ్ళు ముందే వచ్చేశారు, వాళ్ళను కలపకూడదు. అరవై. గడికి రెండు వందల నలభై. ఎండ గడికి పరిగెత్తాను, ఆ ఎండలో పిల్లల్ని ఉండనివ్వలేదు పెద్దవాళ్ళు, గడి మొత్తానికీ అరవైమందే. తొమ్మిది రెండు వందల నలభైలు, పదిహేను అరవైలు. ఫోనులో లెక్కకట్టే యంత్రం ఉందన్న సంగతి కూడా గుర్తులేదు, దుమ్ములోనే గుణించాను, ఏడో ఎక్కం దగ్గర ఆగిన బండి ఎక్కడా ఆగలేదు. మూడు వేల అరవై. తల్లుల ఒళ్ళో చంటిపిల్లలు నాకింకా అందనేలేదు, కాబట్టి కనీసం అనాలి, కనీసం అనేది ఎంత నిజాయితీ ఉన్న మాట! కనీసం పద్దెనిమిది వేలు. అన్నయ్యకు ఫోను చేశాను. వేదిక మీద తడుముకుంటూ ఎత్తడం ఇక్కణ్ణుంచే కనిపించింది, అగ్గిపుల్లంత మనిషి.

"ఎంత?" అన్నాడు గుసగుసగా.

"కనీసం పద్దెనిమిది వేలు."

ఊపిరి వినిపించింది. "అంతేనా చెల్లీ" అన్నాడు.

"అందులో మూడు వేలమంది పిల్లలన్నయ్యా. నీకు అక్కణ్ణుంచి కనబడరు. నిలబడే ఉన్నారు, చూడు."

అగ్గిపుల్ల మునివేళ్ళ మీద లేచింది. చాలాసేపు అలాగే ఉంది. "కిటికీ లెక్కేనా?" అన్నాడు చివరికి.

"కిటికీ లెక్కే. ఊడిన చువ్వ కూడా చూశాను."

ఫోను పెట్టేశాడు. కోపమొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియలేదు. మైకు గరగరలాడింది, ఒకసారి దగ్గాడు. "మనం లక్షమందిమి కాదంట" అన్నాడు, "లెక్కపెట్టారు. గళ్ళు కట్టి లెక్కపెట్టారు. మనం పద్దెనిమిది వేలమందిమి. ఎవరైనా వచ్చి మళ్ళీ లెక్కపెట్టుకోవచ్చు. అందులో మూడు వేలమంది పిల్లలు. ఒకసారి వెనక్కి తిరిగి చూడండి." లక్ష అన్నప్పుడు హోరెత్తినవాళ్ళు ఇప్పుడు కిమ్మనలేదు. కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే మెడలు తిప్పారు, ముందువాళ్ళు వెనక్కి, వెనకవాళ్ళు పక్కకి, పద్దెనిమిది వేలమంది ఒకరినొకరు చూసుకున్నారు. లక్ష అన్నప్పుడు ఎవరూ ఎవరినీ చూడలేదు. సగంగారి ఫోను, ఈసారి నేనే ముందు మాట్లాడాను, అంకె చెప్పాను, కిటికీ చెప్పాను, ఎండ నీడ చెప్పాను, పిల్లల్ని చెప్పాను, సగం చెయ్యనండీ అన్నాను. ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఎలా లెక్కపెట్టావో అది కూడా రాయి, వార్త పక్కనే విడిగా డబ్బా కట్టి వేద్దాం" అన్నాడు, "రేపు కమిటీవాళ్ళు ఏమంటారో చూద్దాం" అన్నాడు. ఏమంటారో నాకు తెలియదు. కింద మందులషాపు ముందు ఎర్రటోపీ ఎత్తుమేడల వైపు తలెత్తి, నా మేడ కాని మేడకు, ఎవరూ లేని పిట్టగోడకు, చెయ్యి తెగ ఊపేస్తోంది. పిచ్చిపిల్ల. నేనూ ఊపాను, కనబడదని తెలిసినా, రెండు చేతులూ ఎత్తి, గట్టిగా.